నాటకం నుంచి తెరకు వచ్చిన పాత ప్రేమ హాస్య చిత్రాలు: ముందు ఏది చూడాలి?

హాలీవుడ్ పాత ప్రేమ హాస్య చిత్రాలు చూడాలనుకునేవారు ఎవరిని సలహా అడిగినా మొదట వినిపించే పేరు 1940 నాటి ‘ది ఫిలడెల్ఫియా స్టోరీ’. ఆ సలహాను తప్పుపట్టలేము; ఆ కోవలో అంత నిండుగా ఉన్న చిత్రం మరొకటి దొరకడం కష్టమే. అయితే దానిని మొట్టమొదటి చిత్రంగా చూసి, అరగంట గడిచేసరికి ఎవరు ఎవరికి ఏమవుతారో తేలక, ఇంత పేరు దీనికి ఎందుకు వచ్చిందో అర్థం కాక పక్కన పెట్టేసినవారు నాకు తెలుసు. వారిలో ఒకప్పటి నేను కూడా ఉన్నాను. అందువల్ల దానిని రెండవ చిత్రంగా చూడండి అన్నది నా సలహా. మొదటిది ఏది కావాలి, మూడవది ఏది కావచ్చు, దేనిని తీరిక ఉన్నప్పటికి వాయిదా వేసుకోవచ్చు అన్నది చెప్పడానికే ఈ పోలిక.

పోలికకు ఆరు చిత్రాలను తీసుకున్నాను. ‘ది ఫిలడెల్ఫియా స్టోరీ’, ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’, ‘ది షాప్ అరౌండ్ ది కార్నర్’ అనే మూడూ 1940లోనే వచ్చాయి. ‘సబ్రీనా’ 1954లోను, ‘బేర్‌ఫుట్ ఇన్ ది పార్క్’ 1967లోను, ‘క్యాక్టస్ ఫ్లవర్’ 1969లోను వచ్చాయి. ఆరింటికీ మూలం రంగస్థల నాటకమే. వీటిలో ఏది గొప్పది అన్న వాదన నాకు అంత ముఖ్యం కాదు. నాటకానికి సాధారణంగా ఉండేది ఒక గది. పాత్రలు దానిలోకి వస్తాయి, పోతాయి, బయట జరిగినదంతా ఎవరో ఒకరు లోపలికి వచ్చి నోటితో చెప్పవలసిందే. అదే కథను తెరకెక్కించే దర్శకుడు ఆ గదిని ఏమి చేయాలో ముందుగా తేల్చుకోవాలి. తలుపులు బార్లా తెరిచి కథను వీధిలోకి నడిపించవచ్చు, గదిలోనే కూర్చోబెట్టి మాటల వేగం పెంచవచ్చు, గదిని ఉన్నది ఉన్నట్టుంచి కెమెరాను మనుషుల ముఖాలకు దగ్గరగా తీసుకుపోవచ్చు. ఈ ఆరు చిత్రాల మధ్య తేడా ప్రధానంగా అక్కడే ఉంది, మీకు ఏది నచ్చుతుందన్నది కూడా చాలావరకు దానిమీదనే ఆధారపడుతుంది.

మరొక సంగతి ముందే చెప్పుకోవాలి. ఇవి మాటల చిత్రాలు. ఇంగ్లీషు సంభాషణలను చెవితోనే పట్టుకోగలిగేవారి సంగతి వేరు. సబ్‌టైటిళ్లు చదువుతూ చూసేవారికి మాటల వేగం పెరిగే కొద్దీ కన్ను తెర అడుగునే ఉండిపోతుంది, నటుల ముఖాలు తప్పిపోతాయి. నా వరుసక్రమంలో దీనికి కూడా లెక్క ఉంది.

ది ఫిలడెల్ఫియా స్టోరీ

ఈ నాటకాన్ని ఫిలిప్ బారీ నటి క్యాథరిన్ హెప్‌బర్న్‌ను మనసులో పెట్టుకునే రాశాడు. ఆ నాటికి ఆమె పరిస్థితి ఏమీ బాగాలేదు. 1938లో థియేటర్ యజమానుల సంఘం ఒకటి ఇచ్చిన ప్రకటనలో ‘బాక్సాఫీసుకు విషం’ అన్న ముద్ర వేయించుకున్న తారలలో ఆమె కూడా ఒకరు. 1939 మార్చిలో ఈ నాటకం న్యూయార్క్ నాటకశాలల కూడలి అయిన బ్రాడ్వే మీదికి వచ్చి 417 ప్రదర్శనలు ఆడింది. సినిమా హక్కులను కోటీశ్వరుడైన హోవర్డ్ హ్యూస్ కొని ఆమె చేతికి ఇచ్చాడు. ఆమె వాటిని ఎం.జి.ఎం. అనే హాలీవుడ్ చిత్ర నిర్మాణ సంస్థకు అమ్ముతూ, కథానాయిక తానే కావాలని, దర్శకుని విషయంలోను తోటి నటుల విషయంలోను తన మాట సాగాలని పట్టుబట్టింది. దర్శకునిగా జార్జ్ క్యూకర్ వచ్చాడు. క్లార్క్ గేబుల్‌ను, స్పెన్సర్ ట్రేసీని అడిగితే కుదరలేదు. వారి బదులు క్యారీ గ్రాంట్, జేమ్స్ స్టువర్ట్ దొరికారు. ఆమె అడిగినవారే దొరికి ఉంటే చిత్రం ఇలా ఉండేది కాదని నాకు గట్టి నమ్మకం.

ఇది కేవలం తెరవెనుక కబురు కాదు, కథలోకి నేరుగా దారి తీసే విషయం. ట్రేసీ లార్డ్ అనే సంపన్న కుటుంబపు యువతి మొదటి భర్త డెక్స్‌టర్ హేవెన్‌తో విడాకులు పుచ్చుకుని, స్వయంకృషితో పైకి వచ్చిన జార్జ్ కిట్రెడ్జ్‌ను పెళ్లాడబోతూ ఉంటుంది. పెళ్లి ముందురోజున ఆ మాజీ భర్తే ‘స్పై’ అనే పత్రిక నుంచి ఒక రచయితను, ఒక ఫొటోగ్రాఫరును వెంటబెట్టుకుని ఆ ఇంట అడుగుపెడతాడు. అక్కడి నుంచి మరునాటి ఉదయం వరకు, ఎదుటివారి బలహీనతను క్షమించడం చేతకాని ఆ యువతికి తన బలహీనత తనకు తెలిసివచ్చేలా ఒక్కొక్కరూ ఒక్కొక్క మాట అంటూ పోతారు. పొగరుబోతు అని ప్రేక్షకులు దూరం పెట్టిన నటి, పొగరుబోతు అని ఇంటిల్లిపాదీ చెప్పే పాత్రను తానే ఏరికోరి ధరించి, ఆ పాత్రతోపాటు తానూ ప్రేక్షకుల క్షమను సంపాదించుకుంది. హక్కుల బేరం సంగతి తెలిసి చూసినవారికి ఆ గర్వభంగపు సన్నివేశాలు మరింత పదునుగా కనిపిస్తాయి.

నాటకపు గదిని క్యూకర్ పెద్దగా బద్దలు కొట్టలేదు. లార్డ్ కుటుంబపు ఇల్లు, తోట, ఈతకొలను, గుర్రపుశాల. కథ దాదాపుగా వీటి చుట్టూనే తిరుగుతుంది. కానీ మొదలు మాత్రం నాటకంలో సాధ్యపడని విధంగా, ఒక్క మాట లేకుండా జరుగుతుంది. డెక్స్‌టర్ పెట్టెలు మోసుకుంటూ ఇంట్లోంచి బయటికి వస్తాడు. వెనకనే ట్రేసీ వచ్చి అతని గోల్ఫ్ కర్రల సంచి విసిరేసి, ఒక కర్రను మోకాలికి ఆనించి విరిచి పడేసి లోపలికి తిరుగుతుంది. అతను వెనక్కి వచ్చి పిడికిలి ఎత్తి, చివరి క్షణంలో మనసు మార్చుకుని, అరచేతితో ఆమె ముఖాన్ని వెనక్కి నెట్టేస్తాడు. ఒక నిమిషమైనా పట్టని ఈ ముక్కలో ఆ పెళ్లి ఎలా ముగిసిందో పూర్తిగా తెలిసిపోతుంది. నవ్వు పుట్టించడానికే తీశారు గాని ఈనాటి ప్రేక్షకునికి ఆ తోపు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది.

దానికన్నా ఇబ్బంది పెట్టేది తండ్రి మాట. తాను వేరొక స్త్రీ వెంట పడడానికి కూతురి ఆదరణ కరువవడమే కారణమన్నట్టు ఆయన ట్రేసీ ముఖం మీదనే చెబుతాడు. చిత్రం ఆ మాటను ఖండించదు సరికదా, ఆమె మార్పుకు దానినే ఒక మెట్టుగా వాడుకుంటుంది. పాత చిత్రాలలో ఇటువంటివి సహజమని సర్దుకుపోగలిగేవారికి చిక్కు లేదు. సర్దుకోలేనివారు ఈ సన్నివేశం ఉందని తెలుసుకుని కూర్చోవడం మంచిది, లేకపోతే మిగిలిన గంటసేపూ అదే మనసులో మెదులుతుంది.

నాటకాన్ని స్క్రీన్‌ప్లేగా మలచిన డోనల్డ్ ఆగ్‌డెన్ స్టువర్ట్ చేసిన ఒక మార్పు చాలా తెలివైనది. నాటకంలో ట్రేసీకి శాండీ అనే అన్న ఉంటాడు. సినిమాలో ఆ అన్నను తీసివేసి, అతను నడిపించవలసిన వ్యవహారాన్ని డెక్స్‌టర్‌కు అప్పగించారు. దానితో, అప్పుడప్పుడు వచ్చిపోయే మాజీ భర్త కథ మొత్తానికి సూత్రధారి అయ్యాడు, ఆ పాత్ర వేసిన గ్రాంట్‌కు చేతినిండా పని దొరికింది. ఆ స్క్రీన్‌ప్లేకు ఆస్కార్ వచ్చింది. ఉత్తమ నటుడిగా మరొక ఆస్కార్ పత్రికా రచయితగా నటించిన జేమ్స్ స్టువర్ట్‌కు వచ్చింది.

మరి ఇంతటి చిత్రాన్ని మొదట ఎందుకు చూడకూడదు? నిడివి 112 నిమిషాలు. మొదటి అరగంటలోనే తల్లి, చెల్లెలు, మామయ్య, తండ్రి, కాబోయే భర్త, పాత భర్త, ఇద్దరు పత్రికవాళ్లు వరుసగా దిగిపోతారు. అది చాలదన్నట్టు మామయ్య తండ్రిగాను, తండ్రి మామయ్యగాను నటించవలసి వస్తుంది. హాస్యంలో సగం మాటల్లో కాక మర్యాదల్లో ఉంది: ఆ అంతస్తువారు ఎలా మాట్లాడతారో, ఆ మర్యాద వెనక ఎంత ఎకసెక్కం దాగి ఉందో కొద్దిగా చెవికి అలవాటైన తరువాతే ఆ చమత్కారం అందుతుంది. ఆ అలవాటు కోసం ముందు మరొక చిత్రం చూడడం మేలు.

హిజ్ గర్ల్ ఫ్రైడే

ఆ ముందు చూసే చిత్రం ఇది మాత్రం కాకూడదు. ఎందుకంటే ఇందులో మాటలు ఆగవు. దర్శకుడు హోవర్డ్ హాక్స్ నటులను ఒకరి మాట పూర్తికాకుండానే మరొకరు అందుకునేలా నడిపించాడు. నిడివి 92 నిమిషాలే అయినా మామూలు వేగంతో మాట్లాడితే రెండు గంటలు దాటే సంభాషణ ఉందేమో అనిపిస్తుంది. సబ్‌టైటిళ్లతో మొదటిసారి చూసినప్పుడు నేను చదవడమే గాని చూడడం జరగలేదు. రెండవసారి కొన్ని సన్నివేశాలలో సబ్‌టైటిళ్లు ఆపేసి, అర్థమైనంతవరకు అర్థమైందనుకుని చూశాను. నిజమైన ఆనందం అప్పుడే దొరికింది.

దీని మూలం బెన్ హెక్ట్, చార్లెస్ మెకార్థర్ కలిసి రాసిన ‘ది ఫ్రంట్ పేజ్’ అనే 1928 నాటి నాటకం. అసలు అది ప్రేమకథే కాదు. షికాగో నేరన్యాయస్థాన భవనంలోని విలేకరుల గది దానికి రంగస్థలం. హిల్డీ జాన్సన్ అనే విలేకరి ఉద్యోగం మానేసి పెళ్లి చేసుకుని వెళ్లిపోవాలనుకుంటాడు; వాల్టర్ బర్న్స్ అనే సంపాదకుడు నానా కుతంత్రాలూ పన్ని అతడిని కదలనివ్వడు. ఇద్దరూ మగవారే. 1931లో అలాగే సినిమా కూడా వచ్చింది. హాక్స్ మరల తీయబోతూ, ఒకసారి సంభాషణలు చదివించి చూస్తున్నప్పుడు హిల్డీ మాటలను తన కార్యదర్శిని చేత చదివించాడని, స్త్రీ గొంతులో అవే మాటలు మరింత బాగున్నాయని గ్రహించాడని చెబుతారు. చార్లెస్ లెడరర్ రాసిన స్క్రీన్‌ప్లేలో హిల్డీ స్త్రీ అయింది, పైగా ఆ సంపాదకునికి మాజీ భార్య అయింది.

ఆ ఒక్క మార్పుతో నాటకపు అర్థమే మారిపోయింది. ‘నువ్వు ఈ వృత్తిని వదిలి బతకలేవు’ అని సంపాదకుడు విలేకరితో అంటే అది ఉద్యోగపు మాట. మాజీ భర్త మాజీ భార్యతో అంటే అది ప్రేమ నివేదన, అది కూడా అతని అహంకారం ఒప్పుకోగలిగిన ఒకే ఒక్క రూపంలో. రోజలిండ్ రస్సెల్ నటించిన హిల్డీ, బీమా అమ్ముకునే మంచివాడైన బ్రూస్‌ను పెళ్లాడి ప్రశాంతంగా బతకాలని నిజంగానే అనుకుంటుంది. కానీ ఉరిశిక్ష పడిన ఖైదీ తప్పించుకున్నాడన్న కబురు చెవిన పడగానే, జైలు అధికారి ఒకడు పరుగెత్తుతుంటే ఆమె వెనకనే పరుగెత్తి, అమాంతం అతడి మీదికి దూకి నేలమీద పడేస్తుంది. ఆ దూకుడుతోనే బ్రూస్‌తో పెళ్లి కుదిరేది కాదని ప్రేక్షకునికి తెలిసిపోతుంది; ఆమెకు తెలియడానికి ఇంకా చాలాసేపు పడుతుంది. తరువాత ఒక ఘట్టంలో ఆమె రెండు టెలిఫోన్లు పట్టుకుని ఒకదానిలో వాల్టర్‌తోను, ఇంకొకదానిలో బ్రూస్‌తోను మాట్లాడుతూ ఉంటుంది. ఆమె మనసు ఎటు మొగ్గుతున్నదో చెప్పడానికి ఆ రెండు రిసీవర్లు చాలు.

హాక్స్ గదిని వదల్లేదు. రెండవ సగం దాదాపుగా విలేకరుల గదిలోనే నడుస్తుంది, ఖైదీ దాక్కునే బల్ల కూడా అక్కడిదే. గదిని అలాగే ఉంచి, మాటల వేగంతో గోడలు కనిపించకుండా చేశాడు. ఇందులో నాకు కొంచెం మింగుడుపడనిది హాస్యం కింద ఉన్న కటికతనం. ఖైదీ మీద జాలిపడిన ఒక స్త్రీ కిటికీలోంచి దూకేస్తుంది. గదిలోని విలేకరులు, వారితోపాటు సినిమా కూడా, క్షణంలో పనిలో పడిపోతారు. రచయితలిద్దరూ ఒకప్పుడు షికాగో పత్రికలలో పనిచేసినవారే కాబట్టి, ఆ కటికతనం వారు కళ్లారా చూసినదే అయి ఉంటుంది. ప్రేమకథలో తీపి మాత్రమే కోరుకునేవారికి ఇది పనికిరాదు. వార్తాపత్రికల్లో పనిచేసినవారు మాత్రం ఈ ఆరింటిలో దీనినే తలమీద పెట్టుకుంటారు.

ఈ రెండు చిత్రాలలోను విడాకులు తీసుకున్న జంటే ఎందుకు ఉందన్న అనుమానం రావచ్చు. 1934 నుంచి హాలీవుడ్‌లో కఠినంగా అమలైన నైతిక నియమావళి ప్రకారం పెళ్లయిన స్త్రీ పరపురుషునితో సరసమాడడాన్ని ఆకర్షణీయంగా చూపించే వీలు లేదు. భార్యాభర్తలకు ముందే విడాకులు ఇప్పించేస్తే ఆమె వేరొకరితో తిరగవచ్చు, పాత భర్తతో పాత పరిచయం మీద చనువుగా పోట్లాడవచ్చు, కథ చివర మళ్లీ పెళ్లితో నీతి కూడా నిలబడుతుంది. నిబంధన నుంచి తప్పించుకోవడానికి పుట్టిన ఉపాయమే ఒక కథారీతిగా స్థిరపడింది.

ది షాప్ అరౌండ్ ది కార్నర్

ఇదీ నేను మొదట చూడమనే చిత్రం. హంగేరీ రచయిత మిక్లోష్ లాస్లో 1937లో రాసిన నాటకం దీనికి ఆధారం. నాటకంలో ఉన్నది అత్తరు దుకాణం. శామ్సన్ రాఫెల్సన్ స్క్రీన్‌ప్లేలో అది తోలు వస్తువుల దుకాణమైంది. ఊరు మాత్రం బుడాపెస్టే. హాలీవుడ్‌లో అమెరికన్ నటులతో తీసినా మనుషుల పేర్లను, ఊరి వాతావరణాన్ని దర్శకుడు ఎర్నెస్ట్ లుబిచ్ మార్చలేదు.

కథ వినడానికి ఒక్క వాక్యం. ఒకే దుకాణంలో పనిచేస్తూ ఒకరంటే ఒకరికి గిట్టని ఆల్‌ఫ్రెడ్ క్రాలిక్, క్లారా నోవాక్ అనే ఇద్దరు, తమకు తెలియకుండానే పేరు చెప్పుకోని ఉత్తరాల ద్వారా ఒకరినొకరు ప్రేమిస్తుంటారు. ఈ చిక్కు చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది, అందువల్ల ప్రేక్షకుడు కథను పట్టుకోవడానికి శ్రమపడనక్కరలేదు; ఆ శ్రమ మిగలడం వల్లనే ముఖాలు చూసే తీరిక దొరుకుతుంది. మాటలు నెమ్మదిగా, వంతులవారీగా సాగుతాయి, సబ్‌టైటిళ్లు చదివేవారికి ఇది పెద్ద ఉపకారం. నిడివి 99 నిమిషాలు.

కాఫీ హోటల్ సన్నివేశం చూడండి. ఉత్తరాలలోని ప్రియురాలిని మొదటిసారి కలుసుకోవలసిన రాత్రి క్రాలిక్‌కు ధైర్యం చాలక, కిటికీలోంచి చూసి చెప్పమని తోటి ఉద్యోగి పిరోవిచ్‌ను బతిమాలుతాడు. పిరోవిచ్ అద్దంలోంచి తొంగి చూసి, గుర్తుగా పెట్టుకోవలసిన పుస్తకం ఉందంటాడు, పువ్వు కూడా ఉందంటాడు, అమ్మాయి చక్కగానే ఉందంటాడు, మన మిస్ నోవాక్ పోలిక కొంచెం ఉందంటాడు. చివరికి మిస్ నోవాక్ నచ్చకపోతే ఈ అమ్మాయి కూడా నీకు నచ్చదని మెల్లగా తేల్చేస్తాడు. మనకు క్లారా ముఖం చూపించే తొందర లుబిచ్‌కు లేదు. విషయం తెలిసి నలిగిపోతున్న క్రాలిక్‌గా జేమ్స్ స్టువర్ట్ ముఖం, ఎలా చెప్పాలో తోచని మిత్రుని ముఖం, ఈ రెండింటి మధ్యనే నవ్వూ నొప్పీ రెండూ పుడతాయి.

అంతకన్నా చిన్నది ఇంకొకటి ఉంది. తపాలా కార్యాలయంలో ఉత్తరాల అరల లోపలి వైపున కెమెరా ఉంటుంది. ఒక అర తెరుచుకుంటుంది, చేతితొడుగు వేసుకున్న క్లారా చేయి లోపలికి వచ్చి ఖాళీ అరను తడుముతుంది, చేయి వెనక్కి పోయాక ఆ చదరపు సందులో మార్గరెట్ సల్లవాన్ ముఖం కనిపిస్తుంది. ఉత్తరం రాలేదు. ఎవరూ ఏమీ అనరు. నాటకపు వేదిక మీద ఎంత గొప్ప నటి అయినా వెనక వరుసలో కూర్చున్నవారికి చూపించలేనిది ఇది. గదిని వదలకుండా నాటకాన్ని సినిమాగా మార్చడమంటే ఏమిటో తెలియాలంటే ఈ ఒక్క షాట్ చూపించవచ్చు.

ప్రేమకథ పక్కన దుకాణం యజమాని మాతుషెక్ కథ నడుస్తుంది. భార్య మీది అనుమానంతో ఆయన నమ్మకస్తుడైన క్రాలిక్‌ను పనిలోంచి తీసేస్తాడు, అసలు దోషి ఎవరో తెలిశాక ప్రాణం తీసుకోబోతాడు. ప్రేమ హాస్య చిత్రంలో ఇదేమిటని ముఖం చిట్లించేవారు ఉండవచ్చు. నా దృష్టిలో చిత్రానికి బరువు ఇచ్చేది ఇదే. ఉద్యోగం పోతుందేమోనన్న భయం ఆ దుకాణంలో ప్రతివాడి మాటలోను ఉంటుంది. ఆ భయం ఉండబట్టే ఉత్తరాలలోని ఆదర్శాలు ఆ ఇద్దరికీ అంత అవసరమయ్యాయి. క్రిస్మస్ ముందు రాత్రి మంచులో నిలబడి, తనతో భోజనానికి వచ్చేవారి కోసం తన ఉద్యోగులను ఒక్కొక్కరినే పలకరించి చూసి, చివరికి కొత్తగా చేరిన కుర్రవాడిని వెంటబెట్టుకుని వెళ్లే మాతుషెక్‌గా ఫ్రాంక్ మోర్గన్ చేసిన నటన నాకు ప్రేమజంట కన్నా ఎక్కువ గుర్తుండిపోయింది.

లోపమంటూ చెప్పాలంటే, కథలోని నిజం క్రాలిక్‌కు ముందే తెలిసి క్లారాకు చాలాసేపు తెలియదు. ఆ సమయంలో అతను ఆమెను ఆటపట్టించడం కొందరికి క్రూరంగా అనిపిస్తుంది. నాకు మాత్రం అంతకుముందు ఆమె అతడిని అన్న మాటలకు అది చెల్లుకు చెల్లే.

సబ్రీనా

శామ్యూల్ టేలర్ నాటకం 1953 నవంబరులో బ్రాడ్వే మీదికి వచ్చింది, ఏడాది తిరగకముందే బిల్లీ వైల్డర్ తీసిన సినిమా విడుదలైంది. వేదిక మీద సబ్రీనాగా నటించినది పై చిత్రంలోని మార్గరెట్ సల్లవానే. ఆమెకు జతగా నటించిన జోసెఫ్ కాటన్, ‘ది ఫిలడెల్ఫియా స్టోరీ’ నాటకంలో డెక్స్‌టర్ పాత్ర వేసినవాడు. సినిమాకు వచ్చేసరికి ఆమె స్థానంలో ఆడ్రీ హెప్‌బర్న్, అతని స్థానంలో హంఫ్రీ బోగార్ట్ వచ్చారు.

లాంగ్ ఐలండ్‌లోని ఒక కోటీశ్వరుల ఇంట కారు డ్రైవరు కూతురు సబ్రీనా. ఆ ఇంటి చిన్న కొడుకు మీద మనసుపడి, పారిస్‌కు వెళ్లి వంట నేర్చుకుని కొత్త మనిషై తిరిగి వస్తుంది. చిన్నవాడి పెళ్లి మీద పెద్ద వ్యాపార ఒప్పందం ఆధారపడి ఉంది కనుక, ఆమెను దారి తప్పించే పనిని బోగార్ట్ నటించిన పెద్ద కొడుకు నెత్తిన వేసుకుంటాడు. వైల్డర్ ఇక్కడ గది తలుపులన్నీ తెరిచేశాడు: తోట, కారు, పడవ, పారిస్ వంటశాల, న్యూయార్క్ కార్యాలయం. కథ చెప్పే తీరులో కూడా ‘అనగనగా’ అన్న ధోరణి తెచ్చాడు. చూడడానికి ఆరింటిలోను ఇదే అందమైనది. ఎడిత్ హెడ్‌కు దుస్తుల విభాగంలో ఆస్కార్ తెచ్చిన చిత్రం, ఫ్రెంచ్ దుస్తుల రూపకర్త జివాన్షీ గౌన్లు ఆడ్రీ హెప్‌బర్న్ మీద మొదటిసారి తెరకెక్కిన చిత్రం కూడా ఇదే.

అయితే బోగార్ట్‌కూ ఆమెకూ వయసులో దాదాపు 30 ఏళ్ల తేడా. ఆమె అతని వైపు మొగ్గుతుందని చిత్రం చెబుతుంది గాని నన్ను పూర్తిగా నమ్మించలేకపోయింది. వారిద్దరి సన్నివేశాలకన్నా, సూఫ్లే అనే గుడ్ల వంటకం పొంగకుండా చదునుగా మిగిలిపోతే, ఓవెన్ వెలిగించడం మరచిపోయావంటే నీ ప్రేమ సఫలం కాలేదన్నమాట అని ఒక పెద్దమనిషి పసిగట్టే వంటశాల సన్నివేశమే నాకు ఇష్టం. ఇందులోనూ మొదట్లో ఒక ఆత్మహత్యాయత్నం ఉంది, దానిని హాస్యంగా తేల్చేశారు. ఇంట్లో పెద్దవారితో కలిసి కూర్చుని చూడడానికి మంచి చిత్రమే; మొదటి చిత్రంగా కూడా తప్పులేదు, నాటకం అన్న రుచి మాత్రం దీనిలో చాలా తక్కువ.

రంగుల్లోనే కావాలంటే

నలుపు తెలుపు చిత్రాలంటే మొగ్గు చూపనివారికి ఈ జాబితాలో రెండే మిగులుతాయి, రెండింటికీ దర్శకుడు జీన్ సాక్సే. ‘బేర్‌ఫుట్ ఇన్ ది పార్క్’ నీల్ సైమన్ నాటకం. 1963లో మొదలై 1,530 ప్రదర్శనలు ఆడింది. వేదిక మీద భర్తగా నటించిన రాబర్ట్ రెడ్‌ఫోర్డ్, అత్తగారిగా నటించిన మిల్డ్రెడ్ నాట్విక్ సినిమాలోనూ ఉన్నారు. భార్యగా జేన్ ఫోండా వచ్చింది. కొత్తగా పెళ్లయినవారు అద్దెకు తీసుకున్న పై అంతస్తు వాటా, లిఫ్టు లేని మెట్లు, అద్దం పగిలి మంచు లోపలికి రాలే పైకప్పు కిటికీ, ఇవే హాస్యానికి ముడిసరుకు. మెట్లెక్కి వచ్చిన ప్రతివాడూ ఆయాసపడుతూ మాట రాక తలుపు దగ్గర కూలబడటం మొదటి మూడుసార్లు బ్రహ్మాండంగా ఉంటుంది. ఆ తరువాత లెక్కపెట్టడం మొదలవుతుంది. కథను వీధిలోకి తీసుకువెళ్లిన సన్నివేశాలు అతుకులుగానే ఉన్నాయి. ఆ ఇరుకు గదిలో జరిగే పోట్లాటలే బాగున్నాయి. భార్య పాత్ర సరదా ఒక్కొక్కప్పుడు విసుగు పుట్టిస్తుందని కూడా చెప్పక తప్పదు.

‘క్యాక్టస్ ఫ్లవర్’ ఇంతకన్నా పకడ్బందీగా అల్లిన కథ. ఫ్రెంచ్ నాటకం ఒకటి ఏబ్ బరోస్ చేతిలో 1965లో బ్రాడ్వే నాటకమై, అక్కడి నుంచి సినిమా అయింది. పెళ్లి కాని పంటి డాక్టరు తనకు భార్య, ముగ్గురు పిల్లలు ఉన్నారని ప్రియురాలికి అబద్ధం చెప్పి ఉంటాడు. ఇప్పుడు ఆమెనే పెళ్లి చేసుకోవాలనిపించి, లేని భార్యను చూపించవలసి వచ్చి, తన క్లినిక్‌లో పనిచేసే ముభావపు నర్సును ఆ వేషం వేయమంటాడు. వాల్టర్ మథావ్, ఇంగ్రిడ్ బెర్గ్‌మన్ ముఖ్య పాత్రలు వేసినా, ప్రియురాలిగా గోల్డీ హాన్ చిత్రాన్ని ఎగరేసుకుపోయి ఉత్తమ సహాయ నటి ఆస్కార్ పుచ్చుకుంది. అబద్ధం మీద అబద్ధం పేరుకుపోయే ప్రహసనాలు మీకు ఇష్టమైతే దీనితోనే మొదలుపెట్టండి, నా అభ్యంతరం లేదు.

రీమేకుల సంగతి

మూలం దొరకలేదని రీమేక్ చూసేవారికి ఒక మాట. ‘ది ఫిలడెల్ఫియా స్టోరీ’ 1956లో ‘హై సొసైటీ’ అనే సంగీత చిత్రంగా వచ్చింది. కోల్ పోర్టర్ పాటలు, గ్రేస్ కెలీ, బింగ్ క్రాస్బీ, ఫ్రాంక్ సినాట్రా, లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ ఉన్నారు. పాటల కోసం చూడవచ్చు గాని మూలంలోని పదును దానిలో లేదు. ‘ది షాప్ అరౌండ్ ది కార్నర్’ 1998లో ‘యూ హావ్ గాట్ మెయిల్’ అయింది, ఉత్తరాల స్థానంలో ఈమెయిళ్లు వచ్చాయి. సరదాగా ఉంటుంది. అయితే పాత చిత్రంలో ఇద్దరూ ఒకే యజమాని కింద భయపడుతూ పనిచేసేవారు. కొత్తదానిలో అతని పెద్ద దుకాణం ఆమె చిన్న దుకాణాన్ని మూయించేస్తుంది, అయినా ఆమె అతనిని ప్రేమించాలి. ఆ మార్పు నాకు ఇప్పటికీ జీర్ణం కాలేదు. ‘ది ఫ్రంట్ పేజ్’ను బిల్లీ వైల్డర్ 1974లో మరల ఇద్దరు మగవారి కథగానే తీశాడు, ‘హిజ్ గర్ల్ ఫ్రైడే’ చూసిన తరువాత దానిని చూస్తే, హిల్డీని స్త్రీగా మార్చడం వల్ల ఎంత లాభించిందో పక్కపక్కన పెట్టి చూసుకున్నట్టు ఉంటుంది.

ఒక్క సాయంత్రమే తీరిక ఉన్నవారు బుడాపెస్టు దుకాణానికి వెళ్లండి. రెండు సాయంత్రాలు ఉంటే రెండవది ఫిలడెల్ఫియాకు కేటాయించండి. జేమ్స్ స్టువర్ట్‌ను ముందురోజే గుమాస్తాగా చూసి ఉంటారు కనుక, సంపన్నుల ఇంట ఇమడలేక చిరచిరలాడే పత్రికా రచయితగా అతను తెరమీదికి రాగానే పాత పరిచయస్తుడిలా ఉంటాడు. అర్ధరాత్రి తాగి డెక్స్‌టర్ ఇంటికి వచ్చి అతను చేసే ప్రసంగం మధ్యలో ఒక ఎక్కిళ్ల శబ్దం వస్తుంది. అది ముందుగా అనుకున్నది కాదని, స్టువర్ట్ అప్పటికప్పుడు చేశాడని చెబుతారు. ఎక్కిళ్లు తనవి కాకపోయినా గ్రాంట్ వెంటనే ‘క్షమించండి’ అంటాడు, తల దించుకుని నవ్వు ఆపుకుంటాడు. మొదటిసారి చూసేటప్పుడు అందరి కళ్లూ స్టువర్ట్ మీదే ఉంటాయి. రెండవసారి ఆ క్షణంలో గ్రాంట్ ముఖం చూడండి.